బేస్ గిటార్ బ్రిడ్జ్ మార్చే ముందు దాని కింది వైరును చూడండి

బేస్ గిటార్‌కు కొత్త బ్రిడ్జ్ వేయించుకోవాలనుకునేవారు ముందుగా దాని బరువెంతో చూస్తారు, అది ఇత్తడిదా జింకు పోతదా అని అడుగుతారు, పాత స్క్రూ రంధ్రాలు దానికి సరిపోతాయో లేదో కొలుచుకుంటారు. కొత్తదానివల్ల సస్టెయిన్, అంటే మీటిన స్వరం మోగుతూ నిలిచే సమయం, పెరుగుతుందని అమ్మేవారు చెబుతారు. ఆ మాటలో నిజమెంతో నాకు ఇప్పటికీ అనుమానమే. అయితే బ్రిడ్జ్ తీగలను పట్టి ఉంచే లోహపు ముక్క మాత్రమే కాదనీ, తీగల కదలికను కరెంటు సంకేతంగా మార్చే పికప్‌లు, వాల్యూమ్ కంట్రోళ్లు, కేబుల్ గుచ్చే జాక్ కలిసిన సర్క్యూట్‌లో అది కూడా ఒక భాగమేననీ అటు కొనేవారుగానీ ఇటు అమ్మేవారుగానీ తలచుకోవడం అరుదు. పాత బ్రిడ్జ్ విప్పగానే కింద చెక్కలో ఉన్న చిన్న రంధ్రంలోంచి బయటికి వచ్చిన ఒక వైరు కొస కనిపిస్తుంది. చాలా గిటార్లలో దానికి టంకం ఉండదు, అది స్క్రూకు చుట్టి కూడా ఉండదు. బ్రిడ్జ్ రేకు కింద నలిగి, స్క్రూల బిగువు మీదే ఆధారపడి ఉంటుంది. పాత సామాను తీసి కొత్తది వేసేటప్పుడు తెగేదీ, జారిపోయేదీ, తగలకుండా మిగిలిపోయేదీ ఈ వైరే.

ఆ వైరు ప్రయాణం చూస్తే దాని పని అర్థమవుతుంది. వాయించేవారి వేళ్లు తీగలను తాకుతాయి. తీగలు సాడిళ్ల (ఒక్కో తీగ ఆనే చిన్న ముక్కల) మీద, సాడిళ్లు బ్రిడ్జ్ రేకు మీద ఆనుకుని ఉంటాయి. రేకు కింది నుంచి ఈ వైరు చెక్క లోపలి సన్నని సొరంగం గుండా కంట్రోళ్లున్న గుంటలోకి వెళ్లి, వాల్యూమ్ పాట్ (వాల్యూమ్ మీట కింద తిరిగే నిరోధం) వెనుక భాగానికి అతుక్కుంటుంది. అక్కడి నుంచి జాక్‌లో ఎర్త్ వైపు భాగమైన స్లీవ్‌కు, జాక్ నుంచి కేబుల్‌లోని అల్లిక వైరుకు, అక్కడి నుంచి యాంప్ లోహపు చట్రమైన ఛాసీకి, ఛాసీ నుంచి త్రీ పిన్ ప్లగ్గులోని లావుపాటి పిన్నుకు, చివరికి ఇంటి ఎర్త్‌కు దారి సాగుతుంది. అంటే బేస్ వాయిస్తున్న మనిషి గోడలోని ఎర్త్‌తో నేరుగా కలిసి ఉన్నట్టే లెక్క. ఈ ఒక్క వాక్యంలోనే ఆ వైరు వల్ల కలిగే మేలూ ఉంది, దాని వల్ల రాగల ప్రమాదమూ ఉంది. ప్రమాదం సంగతి తరువాత చెబుతాను.

మేలు ఏమిటంటే, మన చుట్టూ ఉన్న కరెంటు వైర్లు, ట్యూబ్‌లైట్లు, డిమ్మర్లు, ఛార్జర్లు వెదజల్లే విద్యుత్ క్షేత్రాన్ని మన శరీరం యాంటెన్నాలాగా పట్టి, తనకు ఆనుకుని ఉన్న పికప్‌లకూ వాటి వైర్లకూ అందిస్తుంది. యాంప్‌లో సన్నగా, కరకరమంటూ వినిపించే బజ్ చాలావరకు ఇదే. తీగల మీద చేయి వేయగానే శరీరం ఎర్త్‌తో కలిసిపోతుంది కాబట్టి ఆ బజ్ తగ్గిపోతుంది. చాలామంది దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుంటారు. తీగలు ముట్టుకుంటే చప్పుడు తగ్గుతోంది, వదిలేస్తే పెరుగుతోంది, కాబట్టి గిటార్‌లో ఎర్త్ సరిగా లేదని దుకాణానికి తీసుకువెళ్తారు. నిజానికి ముట్టుకున్నప్పుడు తగ్గడమే బ్రిడ్జ్ వైరు ఆరోగ్యంగా ఉందనడానికి గుర్తు. వదిలినప్పుడు మరీ ఎక్కువగా ఉంటే లోపించింది గుంటల షీల్డింగ్ (చప్పుడును అడ్డుకునే లోహపు పొర) తప్ప ఎర్త్ కాదు.

ఎర్త్ ఎంత బాగా వేసినా పోని చప్పుడు మరొకటి ఉంది. అది ట్రాన్స్‌ఫార్మర్ల అయస్కాంత క్షేత్రాన్ని ఒకే తీగచుట్ట ఉన్న సింగిల్ కాయిల్ పికప్ పట్టుకోవడం వల్ల వచ్చే లావుపాటి హమ్. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి అది బేస్ గిటార్ కింది స్వరాల దగ్గరే, దాదాపు జి స్వరం చుట్టూ వినిపిస్తుంది. యాంప్‌కు దూరంగా జరిగినా, గిటార్‌ను అటూ ఇటూ తిప్పినా అది మారుతుంది. తీగలు ముట్టుకున్నంత మాత్రాన మారదు. ఫెండర్ సంస్థ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్‌కు 1957లో రెండు ముక్కల పికప్ పెట్టిన తరువాత ఆ నమూనాలో ఈ హమ్ సమస్య చాలావరకు తీరింది. ఫెండర్ వారిదే మరో నమూనా అయిన జాజ్ బేస్ రకానికి రెండు పికప్‌లూ ఒకదానికొకటి ఎదురుగా చుట్టినవైతే, రెండు వాల్యూమ్‌లూ సమానంగా తెరిచినప్పుడు హమ్ రద్దవుతుంది. ఒకదాన్ని తగ్గిస్తే తిరిగి వస్తుంది. బ్రిడ్జ్ మార్చిన తరువాత ఏదో హమ్ మొదలైందని అనిపిస్తే, ముందు రెండు వాల్యూమ్‌లూ పూర్తిగా తెరిచి చూడటం మంచిది.

బ్రిడ్జ్‌ను ఎర్త్ చేయడం కొత్త ఆలోచన కాదు. 1960లో వచ్చిన జాజ్ బేస్ తొలి తరం గిటార్లలో బ్రిడ్జ్ నుంచి వెనుక పికప్ గుంట వరకు ఒక సన్నని లోహపు పట్టీని చెక్క పైభాగంలోనే పరిచేవారు. దాని మీద క్రోమ్ మూత ఉండేది కాబట్టి చూసేవారికి కనిపించేది కాదు. తరువాత ఆ పట్టీ పోయి, చెక్క లోపలి నుంచి వెళ్లే వైరు వచ్చింది. ఈనాడు దొరికే జాజ్ రకం బేస్‌లు చాలావాటిలో బ్రిడ్జ్ కింది రంధ్రం వెనుక పికప్ గుంటలోకి తెరుచుకుని, అక్కడి నుంచి కంట్రోళ్ల గుంటకు దారి తీస్తుంది. ప్రెసిషన్ రకంలో సాధారణంగా ఆ రంధ్రం ఏటవాలుగా నేరుగా కంట్రోళ్ల దగ్గరికే పోతుంది. వైరు లోపలికి జారిపోయినప్పుడు ఎక్కడ వెతకాలో తెలియాలంటే ఈ తేడా తెలిసి ఉండాలి.

ఒంగోలులో చర్చిలో వాయించే మా బావమరిది తన జాజ్ రకం బేస్‌కు నల్లని బరువైన బ్రిడ్జ్ ఒకటి తెప్పించుకుని, దాన్ని నాతో వేయించుకోవడానికి పట్టుకొచ్చాడు. పాతది వంచిన ఉక్కు రేకు; అయిదు స్క్రూలతో బిగించినది. తీగలు పూర్తిగా వదులు చేసి, స్క్రూలు తీసి, రేకును ఒక పక్క నుంచి నెమ్మదిగా లేపాను. ఎవరైనా అలాగే చేయాలి, ఎందుకంటే కొన్ని గిటార్లలో వైరును రేకు అడుగున టంకం వేసి ఉంచుతారు, ఒక్కసారిగా లాగితే అది తెగుతుంది. దీనికి టంకం లేదు. సన్నని రాగి పోగులు విసనకర్రలా విప్పి పరిచి ఉన్నాయి, ఏళ్ల తరబడి రేకు నొక్కుడుకు వార్నిష్‌లో తమ ఆకారంలోనే ఒక గాడి చేసుకున్నాయి. రాగి రంగు ఎక్కడా లేదు. సముద్రపు గాలి, చేతి చెమట కలిసి పోగులు పచ్చగా కిలుము పట్టి, వేలితో తాకితే రాలిపోతున్నాయి. నిరోధం కొలిచే మల్టీమీటర్ పెడితే పాత బ్రిడ్జ్‌కే ఆ వైరు ఉండీ లేనట్టు, కదిపినప్పుడల్లా ఒక్కో అంకె చూపించింది. మా వాడు నెలల తరబడి చర్చి సౌండ్ సిస్టమ్‌ను అనుమానిస్తున్నాడు.

“బావా, స్క్రూ రంధ్రాలన్నీ సరిపోయాయి కదా, ఇక బిగించెయ్యి,” అన్నాడు. రంధ్రాలు సరిపోయిన మాట నిజమే. అయితే నల్ల బ్రిడ్జ్ అడుగు భాగం కూడా పైభాగం లాగానే నల్లగా ఉంది. అల్యూమినియం మీద యానొడైజింగ్ చేసిన పొర కరెంటును పోనివ్వదు. పౌడర్ కోటింగ్ అయినా, మామూలు పెయింట్ అయినా అంతే. మల్టీమీటర్ రెండు మొనలనూ ఆ అడుగు మీదే రెండు చోట్ల ఆనించి చూస్తే ఏ బీప్ రాలేదు. ఆ స్థితిలో దాన్ని వైరు మీద ఎంత గట్టిగా బిగించినా, చూడటానికి పని పూర్తయినట్టే ఉంటుంది, తీగలకు మాత్రం ఎర్త్ ఉండదు. క్రోమ్, నికెల్ పూతలు లోహాలే కాబట్టి వాటితో ఈ ఇబ్బంది లేదు. నల్లవాటన్నిటికీ ఉంటుందని కూడా అనలేము, ఎందుకంటే నల్ల క్రోమ్ కరెంటును పోనిస్తుంది. రంగును చూసి ఊహించే బదులు మీటర్ పెట్టి చూడటమే దారి.

వైరు తగిలే చోట, రూపాయి బిళ్లంత మేర, అడుగున ఉన్న పూతను ఇసుక కాగితంతో గీకి లోహం మెరిసేదాకా తెచ్చాను. అది ఎవరికీ కనిపించని చోటు కాబట్టి అందం చెడేది లేదు. కానీ అడుగు మాత్రమే గీకితే సరిపోకపోవచ్చు. సాడిళ్లు కూడా అదే పూతతో ఉంటే అవి రేకు మీద ఆనిన చోట మళ్లీ అడ్డంకి ఏర్పడుతుంది. దీనిలో సాడిళ్లు ఇత్తడివి, వాటి ఎత్తు సరిచేసే చిన్న స్క్రూలు ఉక్కువి. ఆ స్క్రూల మొనలు ఆనే గాడుల్లో పూతను సూది మొనతో కొద్దిగా గీరితే దారి కలిసింది. తీగల చివరనుండే లోహపు గుండ్లు కూర్చునే వెనుక గోడ రంధ్రాల అంచులనూ అలాగే శుభ్రం చేశాను. ఇంత చేశాక ప్రతి సాడిల్‌కూ అడుగుకూ మధ్య మీటర్ ఒకేలాంటి చిన్న అంకె చూపించింది.

వైరు విషయానికి వస్తే, కిలుము పట్టిన పోగులను గీకి మళ్లీ వాడటం నాకు ఇష్టం లేదు. కొత్త వైరు వేయడానికి అయ్యే ఖర్చు టీ ఖర్చు కన్నా ఎక్కువ కాదు. సమస్య దాన్ని ఆ సన్నని సొరంగంలో తోయడమే. మెత్తని వైరు మధ్యలోనే ముడుచుకుపోతుంది. అందుకు మామూలు గిటార్ మొదటి తీగ, అంటే అన్నిటికన్నా సన్నని ఉక్కు తీగ, మంచి సాధనం. దాన్ని పికప్ గుంట వైపు నుంచి తోస్తే బ్రిడ్జ్ దగ్గర పైకి వస్తుంది. దాని కొసకు కొత్త వైరు కొసను పెట్టి చిన్న టంకం చుక్క వేసి, వెనక్కి లాగితే వైరు తనంతట తాను గుంటలోకి వచ్చేస్తుంది. పాత వైరు బాగానే ఉండి, దాన్నే ఉంచుకోవాలనుకునేవారు బ్రిడ్జ్ తీసిన వెంటనే దాని కొసను మాస్కింగ్ టేపుతో చెక్కకు అంటించాలి. లేకపోతే గిటార్‌ను ఒకసారి తిప్పేసరికి అది లోపలికి జారిపోతుంది.

బ్రిడ్జ్ దగ్గర కొసను ఎలా తగిలించాలన్నదానిపై రకరకాల అభిప్రాయాలున్నాయి. పోగులు విప్పి రేకు కింద పరిచేయడం కర్మాగారాల పద్ధతి, అది పనిచేస్తుంది. బ్రిడ్జ్‌కే టంకం వేయాలనుకోవడం నా లెక్కలో అనవసరపు శ్రమ: మందపాటి ఇత్తడి వేడినంతా పీల్చేసుకుంటుంది, టంకం అంటుకునేలోగా చుట్టుపక్కల వార్నిష్ పాడయ్యే అవకాశం ఉంది. నేను చేసేది వేరు. రంధ్రం చుట్టూ, బ్రిడ్జ్ అంచు దాటి బయటికి కనిపించని కొలతలో, రాగి రేకు టేపు ముక్క ఒకటి అంటిస్తాను. వైరు కొసను ఆ టేపుకు పలచగా టంకం వేస్తాను. బ్రిడ్జ్ వచ్చి ఆ రాగి మీద కూర్చుంటుంది. తగిలే వైశాల్యం పెరుగుతుంది, పోగులు చెక్కలో గాడి చేయవు, బ్రిడ్జ్ ఒక పక్కకు ఎత్తుగా కూర్చోవడమూ ఉండదు. కొత్త బ్రిడ్జ్ పాతదానికన్నా చిన్నదై, రంధ్రం దాని అంచు అవతల పడితే కూడా ఈ టేపునే లోపలికి పొడిగించి పని గట్టెక్కించవచ్చు.

ఒకే రేకు కాకుండా తీగకొకటిగా విడివిడి బ్రిడ్జ్ ముక్కలుండే రకం వేసేవారికి ఇంకో పని ఉంటుంది. వాటిలో ఒక్కదానికే వైరు తగిలితే మిగిలిన తీగలకు ఎర్త్ ఉండదు. అన్నిటి కిందా రాగి పట్టీ ఒకటి అడ్డంగా పరచి, దానికి ఒక వైరు తగిలించడం తేలికైన మార్గం. తీగలు చెక్క వెనుక నుంచి ఎక్కే గిటార్‌కు ప్లాస్టిక్ లాంటి పదార్థంతో చేసిన సాడిళ్లు వేస్తే ఇంకా తమాషాగా ఉంటుంది: తీగ బ్రిడ్జ్ లోహాన్ని ఎక్కడా తాకకుండా పోవచ్చు, అప్పుడు వెనుకనున్న లోహపు గుబ్బలకే వైరు ఇవ్వాల్సి వస్తుంది. ట్యూనర్లు (తీగల బిగువు సరిచేసే మరలు) మార్చడానికి మాత్రం ఏ వైరూ అక్కర్లేదు. మెడ చివర తీగలు ఆనే నట్ ఎముకదో ప్లాస్టిక్‌దో అయినా, తీగ ట్యూనర్ కంబానికి చుట్టుకునే ఉంటుంది కాబట్టి ఆ చివరి లోహానికి ఎర్త్ తీగ ద్వారానే అందుతుంది.

జాజ్ రకం బేస్‌లో కంట్రోళ్లు కూర్చునే క్రోమ్ పలక గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఆ పలకకు బిగించడం వల్లనే పాట్‌ల ఒళ్లూ జాక్ ఒళ్లూ ఒకదానితో ఒకటి కలుస్తాయి. తయారీలో పాట్‌ల వెనుక వేసిన వైరు ఎక్కడైనా వదులైనా, పలక ఆ లోపాన్ని కప్పిపుచ్చుతూ వస్తుంది. ఎవరైనా అందం కోసం దాన్ని తీసి చెక్క పలకో, యాక్రిలిక్ పలకో వేసిన రోజున ఆ గుట్టు బయటపడుతుంది. అందుకని పలక మార్చేటప్పుడు పాట్‌లన్నిటి వెనుక నుంచి జాక్ స్లీవ్ వరకు ఒక వైరు విడిగా వేసుకోవాలి. ఇలా పలకా వైరూ రెండూ ఉంటే గ్రౌండ్ లూప్ (రెండు ఎర్త్ దారులు కలిసిన వలయం) ఏర్పడి హమ్ వస్తుందని కొందరు భయపెడతారు. అరచేయంత గుంటలో ఏర్పడే ఆ చిన్న వలయం వల్ల చెవికి వినిపించేంత హమ్ రావడం నేనెప్పుడూ చూడలేదు. రెండు యాంప్‌ల మధ్య, రెండు సాకెట్ల మధ్య ఏర్పడే వలయం వేరే సంగతి.

పాట్ వెనుక టంకం వేయడం కొత్తవారిని ఏడిపించే పని. రేడియో రిపేరుకు వాడే 25 వాట్ల ఐరన్‌తో పాట్ ఒంటిని వేడెక్కించాలంటే చాలాసేపు పట్టుకోవాలి, ఆలోగా లోపలి కార్బన్ పట్టీ దెబ్బతినవచ్చు. 60 వాట్ల ఐరన్, వెడల్పు మొన ఉంటే పని త్వరగా అయిపోతుంది. ముందు పాట్ వెనుక భాగాన్ని ఇసుక కాగితంతో గరుకు చేసి, కొంచెం ఫ్లక్స్ రాసి, టంకాన్ని పాట్ మీద విడిగా, వైరు కొస మీద విడిగా పట్టించుకుని, ఆ తరువాత రెండిటినీ కలపాలి. తగరం 60, సీసం 40 పాళ్ల టంకం దీనికి సుఖంగా ఉంటుంది; పని చేస్తున్నంతసేపూ కిటికీ తెరిచి ఉంచుకుని, అయ్యాక చేతులు కడుక్కోవాలి. టంకం పాట్ మీద చదునుగా పారి మెరవాలి. గుండ్రంగా ముత్యంలా నిలబడితే అది అతుక్కోలేదన్నమాట, గోటితో తడితే ఊడి వస్తుంది.

తీగలు ఎక్కించే ముందే పరీక్ష చేసుకుంటే రెట్టింపు పని తప్పుతుంది. దానికి మళ్లీ గుంట తెరవనక్కర్లేదు. గిటార్‌కు కేబుల్ గుచ్చి, యాంప్‌కు గుచ్చాల్సిన రెండో కొసను చేతిలో ఉంచుకుంటే, ఆ ప్లగ్గు పొడవాటి ఒళ్లు స్లీవ్, కొన టిప్. ముందుగా మీటర్ మొనలు రెండూ ఒకదానికొకటి తాకించి, వాటి సొంత నిరోధం ఎంతో చూసుకోవాలి. తరువాత ఒక మొన బ్రిడ్జ్ మీద, ఒకటి ప్లగ్గు ఒంటి మీద పెట్టాలి. అంకె ఒక ఓమ్ లోపే ఉండాలి. వాల్యూమ్‌లు పూర్తిగా తెరిచి ఉండగా, ఆ రెండిటి మధ్య కొన్ని కిలో ఓమ్‌లు చూపిస్తే అది పికప్ చుట్ల నిరోధం; అంటే జాక్ దగ్గర రెండు వైర్లూ తారుమారయ్యాయి. అలాంటి గిటార్‌ను యాంప్‌కు పెట్టి తీగలు ముట్టుకుంటే చప్పుడు తగ్గకపోగా భోరుమని పెరుగుతుంది. జాక్‌నో కంట్రోల్ పలకనో ముట్టుకుంటే తగ్గి, తీగలు ముట్టుకుంటే తగ్గకపోతే తప్పు బ్రిడ్జ్ వైరులో ఉంది. ఒక్క తీగ దగ్గర మాత్రమే తగ్గకపోతే ఆ సాడిల్‌ను చూడాలి.

వైరే లేని బేస్‌లూ ఉంటాయి. కాలిఫోర్నియాలో 1976లో మొదలైన ఈఎంజీ సంస్థ తన యాక్టివ్ పికప్‌లు, అంటే బ్యాటరీతో నడిచేవి, వేసేటప్పుడు బ్రిడ్జ్ వైరును కలపవద్దనే చెబుతుంది. ఆ పికప్‌ల షీల్డింగ్ లోపలే ఉంటుంది కాబట్టి చప్పుడు తగ్గడానికి వాయించేవారి శరీరాన్ని ఎర్త్‌తో కలపాల్సిన అవసరం ఉండదు. అలాంటి బేస్‌కు బ్రిడ్జ్ మారుస్తూ, వైరు కనిపించలేదని కంగారుపడి కొత్తది వేసేయకూడదు. యాక్టివ్ సర్క్యూట్ ఉన్న గిటార్లలో జాక్ మార్చేటప్పుడు ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 9 వోల్టుల బ్యాటరీ నెగటివ్ వైరు స్టీరియో జాక్‌లో టిప్, స్లీవ్‌లతో పాటు ఉండే రింగ్ అనే మూడో భాగానికి వెళ్తుంది. కేబుల్ గుచ్చినప్పుడే అది స్లీవ్‌తో కలిసి సర్క్యూట్ పనిచేస్తుంది. ఆ వైరును ఎర్త్ అనుకుని నేరుగా స్లీవ్‌కే అతికిస్తే గిటార్ గోడకు వేలాడుతున్నా బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.

ఇక ప్రమాదం సంగతి. స్టోన్ ద క్రోస్ బృందపు గిటారిస్టు లెస్ హార్వే 1972 మే నెలలో వేల్స్‌లోని స్వాన్సీలో, వేదిక మీద సరిగా ఎర్త్ లేని మైకును తాకి విద్యుదాఘాతంతో మరణించాడు. గిటార్ తీగలకు ఎర్త్ బాగా ఉండి, ఎదుటి మైకులోకి కరెంటు వస్తే, రెండిటినీ తాకిన మనిషి గుండానే ఆ కరెంటు పోతుంది. మన వైపు ఈ పరిస్థితి అరుదైనది కాదు. పాత ఇళ్లలో త్రీ పిన్ సాకెట్ ఉంటుంది గానీ పై రంధ్రం వెనుక వైరే ఉండదు. ఫంక్షన్ హాళ్లలో జనరేటర్ నుంచి లాగిన ఎక్స్‌టెన్షన్ బాక్సులకు రెండే వైర్లుంటాయి. యాంప్ ప్లగ్గు లావు పిన్ను సాకెట్‌లో పట్టడం లేదని దాన్ని కోసేసేవారినీ చూశాను. సాకెట్‌లో ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టులు, ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య కూడా ఇంచుమించు అంతే, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కొద్ది వోల్టులు మాత్రమే కనిపించాలి. కరెంటు పని అలవాటు లేనివారు ఈ కొలత ఎలక్ట్రీషియన్ చేత తీయించుకోవడమే మంచిది. ఇంట్లో ల్యాప్‌టాప్, ఆడియో ఇంటర్‌ఫేస్ పెట్టుకుని వాయించేటప్పుడు తీగలు ముట్టుకోగానే వేళ్లు జివ్వుమంటే, చాలాసార్లు దానికి కారణం రెండు పిన్నుల ఛార్జర్. దాని లోపలి కెపాసిటర్ల వల్ల ల్యాప్‌టాప్ లోహమంతా మెయిన్స్ వోల్టేజీలో దాదాపు సగం దగ్గర తేలుతూ ఉంటుంది. కరెంటు చాలా కొద్దిదే కాబట్టి చురుక్కుమనడంతో సరిపోతుంది, కానీ హమ్ మాత్రం విపరీతంగా వస్తుంది. ఛార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపి చూస్తే నిమిషంలో తేలిపోతుంది.

ఈ షాక్ ప్రమాదానికి విరుగుడుగా బ్రిడ్జ్ వైరు మధ్యలో 0.33 మైక్రోఫారడ్, 400 వోల్టుల కెపాసిటర్ ఒకటి పెట్టుకోమనే సలహా అమెరికా గిటార్ ప్రియుల నుంచి వచ్చి ఇక్కడా తిరుగుతోంది. లెక్క వేసి చూస్తే 50 హెర్ట్జ్ దగ్గర దాని అవరోధం సుమారు 9,600 ఓమ్‌లు. అంటే 230 వోల్టులు నేరుగా తగిలితే దాదాపు 24 మిల్లీఆంపియర్ల దాకా పోనివ్వగలదు. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ ఉన్న అమెరికాలో అదే కెపాసిటర్ 15 మిల్లీఆంపియర్ల దగ్గర ఆగుతుంది. 24 మిల్లీఆంపియర్లు కండరాలు బిగుసుకుపోయి చేయి వదిలించుకోలేని స్థాయి, పైగా ఇళ్లలో వాడే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను తెంచే స్విచ్చు) దానికి పడిపోకపోవచ్చు కూడా. కాబట్టి ఆ కెపాసిటర్ మీద నాకు నమ్మకం లేదు. సరైన ఎర్త్ ఉన్న సాకెట్, దాని వెనుక పనిచేసే ఆర్‌సీసీబీ, ఈ రెండూ ఉన్న చోట బ్రిడ్జ్ వైరును నేరుగా కలపడమే నాకు సమ్మతం. ఆ రెండూ లేని వేదిక మీద మైకుకు పెదవులు తగలకుండా స్పాంజి తొడుగు వేయించుకోమని మా బావమరిదికి చెప్పాను. అదీ పూర్తి రక్షణేమీ కాదు.

నల్లని నైలాన్ చుట్టిన తీగలు వాడేవారికి చివరగా ఒక మాట. ఆ తీగలను వేలితో తాకినప్పుడు తగిలేది నైలాన్ మాత్రమే. బ్రిడ్జ్ వైరు ఎంత చక్కగా వేసినా ముట్టుకోవడం వల్ల బజ్ తగ్గదు, గుంటలకు షీల్డింగ్ చేయించుకోవడం తప్ప వేరే మార్గం లేదు. కొన్ని తీగలకు గుండు దగ్గర పట్టుదారం చుట్టి ఉంటుంది. ఆ దారం సాడిల్ దాకా వచ్చినా గుండు బ్రిడ్జ్ వెనుక గోడకు తగులుతూనే ఉంటుంది కాబట్టి భయం లేదు. ఈ రెండు రకాల తీగలున్న గిటార్లను పరీక్షించేటప్పుడు తీగను కాకుండా బ్రిడ్జ్ లోహాన్నే అరచేత్తో పట్టుకుని బజ్ తగ్గుతుందో లేదో వినాలి. నల్ల పూత ఉన్న బ్రిడ్జ్ అయితే చేయి కూడా ఆ పూత మీదే పడుతుంది గనుక, ఇత్తడి సాడిల్‌నో స్క్రూ తలనో తాకి చూడాలి.